ఆమెకు శనిని చూపించిన సాయంత్రం

నా ఉద్యోగమంతా చిన్న వస్తువులతోనే గడిచిపోయింది. హోసూరులో మోటారు బళ్లకు గేర్లు చేసే ఫ్యాక్టరీ. అందులో ఇన్‌స్పెక్షన్ రూమ్ నాది. గుప్పిట్లో పట్టే ఇనుప ముక్కను తీసుకుని, దాని పంటికీ పంటికీ మధ్య వెంట్రుకలో పదోవంతు తేడా వచ్చిందేమో చూసి, వస్తే ఎర్ర ట్రేలో, రాకపోతే పచ్చ ట్రేలో వేయడం. ఇప్పుడు అలాంటి రూముల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి పిల్లలు "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి సార్" అని అడుగుతుంటారు. ఎర్ర ట్రే, పచ్చ ట్రే తప్ప ఆ రూములో ఏం జరుగుతుంది? కానీ రిటైరవడానికి ముందు ఏడాది ఒకటి జరిగింది. అది మాత్రం ఇనుముకు సంబంధించింది కాదు.

ముందు ఆమె గురించి చెప్పాలి. నా ఎదురు బల్ల ఆమెది. వేప్పనపల్లి దగ్గర పల్లె నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. ఇంటి దగ్గర గొర్రెలు, నాలుగు మామిడి చెట్లు. పదో తరగతి తర్వాత ఫ్యాక్టరీలో చేరి, నేర్చుకుంటూ నేర్చుకుంటూ మా రూముదాకా వచ్చింది. కొలతల యంత్రాలు నావి, కంటితో చూసి తేల్చే పని ఆమెది. పీస్‌ను లైటు కింద ఒక్కసారి తిప్పేది. "ఈడ జూడప్పా" అనేది. నేను భూతద్దం పెట్టి చూస్తే అక్కడ నిజంగానే సన్నటి పగులు ఉండేది. మా ఇద్దరికీ మాటలు తక్కువ. అన్నేళ్లు ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు మాటలతో పెద్ద పని ఉండదు.

ఒకరోజు పచ్చ ట్రేలోకి పగిలిన పీస్ వచ్చింది. మర్నాడు ఇంకొకటి. మూడోసారి నేను అడగకముందే ఆమే చెప్పింది.

"నువ్వు ఎదురుగా కూసోని ఉంటే నీ చెవులు కనబడతా ఉండాయప్పా. మొగం లేదు."

బెంగళూరు పెద్దాసుపత్రిలో కంటి వెనక పొర నడిమి భాగం పాడైందన్నారు. చుట్టూ చూపు ఉంటుంది, నేరుగా చూసిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. అద్దాలు పెట్టినా లాభం లేదన్నారు. కంపెనీవాళ్లు ఆమెను తీసేయలేదు, ప్యాకింగ్‌లో వేశారు. అక్కడ చేతి తడుముడుతో పని నడుస్తుంది. అయినా దీపావళికల్లా మానేస్తానని ఆమే చెప్పేసింది. ఇంట్లో వాళ్ల అత్త, చుట్టుపక్కల వాళ్లు ఒకటే మాట: ఏలినాటి శని పట్టింది, అందుకే కళ్లు పోయాయి. ప్రతి శనివారం నల్ల నువ్వులు, నూనె దీపం. ఆమె ఎదురు చెప్పకుండా అన్నీ చేసేది.

అదే రోజుల్లో ఫ్యాక్టరీకి టెలిస్కోప్ వచ్చింది. మా కొత్త మేనేజర్ తెలంగాణ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి. కార్మికుల పిల్లలకు ఆకాశం చూపించాలని ఆమెకు కోరిక. పెద్ద డ్రమ్ములాంటి గొట్టం, లోపల అడుగున వెడల్పాటి అద్దం, కింద చెక్క పీట. అటూ ఇటూ చేత్తో తిప్పుకోవాలి.

"అద్దాలు, కొలతలు అంటే మీ డిపార్ట్‌మెంటే గద సార్. మీరే చూస్కోండి" అని దాన్ని నాకు అప్పజెప్పింది.

అప్పటికి నేను చందమామను తప్ప ఆకాశంలో దేన్నీ పేరుపెట్టి గుర్తుపట్టినవాణ్ణి కాదు.

మొదటి సాయంత్రం క్యాంటీన్ పక్క గడ్డిలో పెట్టాం. జనరల్ షిఫ్ట్ వదిలాక, చీకటి పడగానే మేనేజర్ ఫోన్లో ఏదో చూసుకుని, దక్షిణం వైపు పసుపుపచ్చగా మెరుస్తున్న చుక్కకు గొట్టాన్ని గురిపెట్టింది. ముందు నన్ను చూడమంది.

వంగి కన్ను పెట్టాను. నల్లటి గుండ్రంలో ఒక చిన్న బంతి, దాని చుట్టూ చిన్న ఉంగరం. బంతికీ ఉంగరానికీ మధ్య చీకటి. ఎవరో ఉలితో చెక్కి అక్కడ నిలబెట్టినట్టుంది. పుస్తకాల్లో బొమ్మ చూడలేదా అంటే చూశాను. కానీ బొమ్మ అని తెలిసి చూడడం వేరు. ఇది ఈ క్షణాన నా తల మీద నిజంగా ఉంది, దాని వెలుగే వచ్చి నా కంట్లో పడుతోంది. నేను పుట్టకముందు, హోసూరు పుట్టకముందు, చూసే కన్నంటూ లేకముందు కూడా అది ఇలాగే ఉంగరం తొడుక్కుని ఒంటరిగా ఉంది. లేచి నిలబడితే ఎవరో "ఎట్లుంది సార్?" అన్నారు. చూడమని గొట్టం వైపు చెయ్యి చూపించాను.

మిగతావాళ్లలో సగం మంది వరసలోకి రాలేదు. కోరి కోరి శని కంటబడడమెందుకని భయం. మా మెయింటెనెన్స్ ఫిట్టరు తమిళం ఇంట్లో పుట్టినా మా తెలుగు మాట్లాడతాడు. అతనే వాళ్లకు ధైర్యం చెప్పాడు.

"మనం ఆయన్ని చూస్తే ఏమీ కాదప్పా. ఆయన మనల్ని చూస్తేనే కష్టం. రండి, రండి."

అందరూ నవ్వి వచ్చారు. చూసిన ప్రతివాడూ "అబ్బా" అని లేచాడు. చివర్న నా ఎదురు బల్ల ఆమె వచ్చింది. నేను చెయ్యిపట్టి కంటిని సరైనచోట పెట్టించాను. చాలాసేపు వంగే ఉంది. ఎడమకన్ను పెట్టింది, కుడికన్ను పెట్టింది. తర్వాత మెల్లగా నిటారుగా నిలబడింది.

"బొక్క అంచు కనబడతా ఉండాది. నడుమ ఏముందో నాకు తెలీదు."

"ఇంగొకసారి చూడమ్మా" అన్నాను.

"వొద్దులే. నాకు పట్టినాడు పట్టినాడని అందురూ చెప్తా ఉండారు గదా, ఎట్లుంటాడో ఒగసారి చూస్తామనుకుంటి. ఆయన్ని చూసే దానికి గూడా నాకు రాత లేకపోయె."

బస్సు డ్రైవరు హారను కొట్టాడు. ఆమె చున్నీ సర్దుకుని పోయింది. నేను ఆ గడ్డిలోనే నిలబడిపోయాను. మా రూములో అందరికంటే మంచి కళ్లు ఆమెవి. నాలాంటివాడు చూశాడు, ఆమె చూడలేదు.

అప్పుడు తట్టింది. ఆ చిన్న బొక్కలోంచి చూస్తేనే కదా కష్టం? ఫోటో తీసి గోడంత చేస్తే? చుట్టూ చూపు ఉందన్నారు కదా?

మర్నాడు మేనేజర్ గదికి వెళ్లి అడిగాను. ఎవరికోసమని మేనేజరు అడిగి తెలుసుకుని, కన్ను పెట్టే చోట బిగించే చిన్న కెమెరా తెప్పించింది. బొటనవేలంత ఉంటుంది. దాని తీగ లాప్‌టాప్‌కు తగిలించాలి. ఇక ఎంతసేపు, ఒక వారంలో ఫోటో చేతిలో ఉంటుందనుకున్నాను.

గ్రహాల ఫోటోలు తీయాలని మీలో ఎవరికైనా ఉంటే, నేను చేసిన తప్పులు చెబుతాను. కనీసం మీరు వేరే కొత్త తప్పులు చేయొచ్చు. మొదటి తప్పు: గురి చూసే చిన్న గొట్టాన్ని పెద్ద గొట్టంతో సరిచూసుకోకపోవడం. కెమెరా చూసేది ఆకాశంలో ఆవగింజంత మేర. గురి కొంచెం తప్పితే తెరమీద చీకటి తప్ప ఏమీ ఉండదు. అలా ఒక సాయంత్రమంతా వెతికి, చివరికి ఎర్రటి చుక్క ఒకటి దొరికితే అంగారకుడని కేక పెట్టాను. ఫిట్టరు తెర చూసి, తలెత్తి రోడ్డవతలికి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సార్, అది సెల్ టవరు లైటు."

రెండో తప్పు వెలుగు. చుట్టూ చీకటి కాబట్టి కెమెరాకు వెలుగు చాలదేమోనని అంతా పెంచేశాను. గ్రహం నిజానికి ఎండలో నిలబడ్డ వస్తువు. శని వచ్చింది గానీ తెల్లగా, ఉబ్బుగా, ఉంగరం బంతిలో కలిసిపోయి వచ్చింది.

"ఇది శని గాదు సార్, ఇట్లీ" అన్నాడు ఫిట్టరు. ఆ వారమంతా క్యాంటీన్లో నన్ను చూసి "ఇంకో శని వేయమంటారా సార్?" అని ఇడ్లీలు వడ్డించారు.

మూడో తప్పు చెప్పడానికి ఇప్పటికీ నవ్వొస్తుంది. టెలిస్కోపును చల్లటి ఇన్‌స్పెక్షన్ రూములో దాచి, సాయంత్రం తెచ్చి, వెంటనే కాంక్రీటు డాబా మీద పెట్టేవాణ్ణి. మొదట అద్దం మీద చెమ్మ పట్టేది. అది ఆరాక శని నీళ్ల అడుగున ఉన్న నాణెంలా వణికేది. పగలంతా ఎండకు కాగిన డాబా రాత్రికి వేడి కక్కుతుంది, ఆ గాలిలోంచే నేను చూస్తున్నాను. ఏ పీస్‌నైనా రూములో చాలాసేపు ఉంచి, దాని వేడి సర్దుకున్నాకే కొలవాలని కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి నేను. ఆ పాఠం ఆకాశానికి కూడా వర్తిస్తుందని తెలియడానికి నెలన్నర పట్టింది.

మేనేజర్ ఒక ఆదివారం కారు తీసింది. తళి వైపు పూల తోటల మధ్య, చల్లటి గడ్డిలో, సూర్యుడు ఉండగానే గొట్టాన్ని బయటపెట్టి ఫిట్టరుతో కలిపి ముగ్గురం టీ తాగుతూ కూర్చున్నాం. చీకటి పడ్డాక తెరలో శని ఇంకా వణుకుతూనే ఉంది గానీ, మధ్యమధ్య ఒక్క క్షణం నిలబడేది. ఆ క్షణాల కోసమే ఈ పనంతా. ఒక్క ఫోటో తీయరు, వీడియో తీస్తారు. దానిలో వేల బొమ్మలుంటాయి. కంప్యూటరు వాటిలో నిలకడగా ఉన్నవి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కటిగా చేస్తుంది. మిగిలినదంతా పారేయడమే. మా ఫ్యాక్టరీలో అంత రిజెక్షన్ వస్తే అందరి ఉద్యోగాలూ ఊడేవి.

ఆ పేర్చడం పూర్తయి బొమ్మ తెరమీదికి వచ్చినప్పుడు ముగ్గురం దాని మీదికి వంగాం. బంతి మీద లేత గోధుమరంగు పట్టీలు. వెనక్కు వెళ్లిన ఉంగరం మీద బంతి నీడ. ఉంగరం రెండు కొనల్లోనూ సన్నటి నల్ల గీత. అది ఉంగరాల మధ్య ఖాళీ అని తర్వాత తెలిసింది. అంత దూరాన ఉన్న ఖాళీ కూడా మా చేతికి చిక్కింది. ఫిట్టరు మెల్లగా చెప్పులు విడిచి గడ్డిలో నిలబడ్డాడు.

ఆ బొమ్మను ఆమె ఆఖరి పనిదినాన ట్రైనింగ్ హాల్లోని పెద్ద టీవీలో పెట్టాం. శాలువా, స్వీట్లు అయ్యాక ఆమెను ముందుకు పిలిచాను. టీవీ ముందు నిలబడింది. తల కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. అందరూ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

"బాగుండాదప్పా" అంది.

అన్నేళ్లు ఎదురుగా కూర్చున్నవాణ్ణి. ఆమె బాగుందన్నప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది ఆ గొంతు కాదు. హాలు ఖాళీ అయ్యాక అడిగితే చెప్పింది.

"తెల్లగా ఏందో అలికినట్టు ఉండాది. చూసే కొద్దీ కరిగిపోతా ఉండాది. నువ్వు ఇంత కష్టపడి చేస్తివని అట్ల చెప్పినాను. మనసులో పెట్టుకోవద్దు."

ఆమె వెళ్లిపోయింది. నేను టెలిస్కోపును గుడ్డకప్పి మూలకు పెట్టాను. నాలుగు రోజులు దాని వైపు చూడలేదు. ఐదోరోజు మేనేజరే మా రూముకు వచ్చింది.

"సార్, టీవీ చిన్నదైతే గోడ మీద ఏద్దాం. ప్రొజెక్టరు ఉంది గద. ఆమె రాకుంటే మనమే పోదాం. ఏమైతది? మహా అంటే మళ్ల కనబడదు, అంతే గద."

ఆ శనివారం సాయంత్రం బయల్దేరాం. కావాలని ఆ వారం ఎంచుకోలేదు, మా ముగ్గురికీ సెలవు కుదిరింది అప్పుడే. వేప్పనపల్లి దాటాక మామిడి తోటల మధ్య ఆమె ఊరు. కార్తీక మాసం, రెండు రోజుల ముందు వాన పడి గాలంతా కడిగినట్టుంది. ఆమె ఇంటి పక్క గోడకు ఆ దీపావళికే సున్నం కొట్టారు. ఫిట్టరు నిచ్చెన వేసుకుని ఎదురు వీధిదీపానికి గోనెపట్టా కట్టాడు. నేను దొడ్డి పక్క మట్టినేలలో టెలిస్కోపు పెట్టి, దాన్ని చల్లబడనిచ్చాను. గొర్రెలు తడికెలోంచి మమ్మల్నే చూస్తున్నాయి.

విషయం తెలిసి ఆమె అత్త గడప దాటి రాలేదు. లోపలి నుంచే అరుస్తోంది.

"శనివారం పూట ఆయన్ని తెచ్చి మన గోడ మీద పెడతారంట! ఈళ్లకు వేరే గోడే దొరకలేదా?"

"నువ్వు గమ్మునుండత్తా. నాకు పట్టినాడు గదా, నేనే చూసుకుంటాను" అంది ఆమె.

చీకటి పడింది. గురి సరిచూశాను. ఈసారి ఫోటో కాదు, కెమెరా చూసేది నేరుగా గోడ మీద పడేలా ప్రొజెక్టరుకు తీగలు తగిలించాను. గోడ మీద శని పెద్ద పళ్లెమంతై వచ్చింది. మామిడి తోటలోంచి వచ్చి కూర్చున్న ఊరివాళ్లు "ఓ" అన్నారు. బొమ్మ ఆగదు, వణుకుతుంది, అంచులు పొంగుతాయి. పైగా మా టెలిస్కోపుకు ఆకాశంతో పాటు తిరిగే యంత్రం లేదు. భూమి తిరుగుతుంది కాబట్టి, వదిలేస్తే గ్రహం తెర ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతుంది. అందుకే నేను గొట్టాన్ని పట్టుకుని, జారకుండా గోరంత గోరంత జరుపుతూ శనిని గోడ నడుమ నిలబెట్టాను. ఊపిరి కూడా బిగబట్టాను.

ఆమె గోడ పక్కన మూరెడు దూరంలో నిలబడింది. చాలాసేపు చూసింది.

"కనబడతా ఉండాడా?" అన్నాను.

ఆమె తల ఇటూ అటూ తిప్పుతూనే ఉంది. ఈసారీ కనబడలేదనుకున్నాను. నడుము పట్టేసింది. చెయ్యి తీసేసి, చెమట తుడుచుకుందామని నిటారుగా నిలబడ్డాను. శని నడుమ నుంచి కదిలి, మెల్లగా గోడ అంచువైపు జారడం మొదలుపెట్టింది.

"అద్దో!"

ఆమె గొంతు. తల పూర్తిగా పక్కకు తిప్పి ఉంది. వీధివైపు చూస్తున్న మనిషిలా నిలబడి, చెయ్యి మాత్రం గోడవైపు చాపింది.

"పోతా ఉండాడు! అద్దో, చుట్టూ గాజు మాదిరి... ఏం జేస్తివప్పా ఇప్పుడు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. వదిలేసినాను."

"అట్లే వదులు. పట్టుకోవద్దు. పోనీ ఆయన్ని."

నడిమి చూపు పోయినా అంచుల చూపు కదిలే వాటిని పట్టుకుంటుందట. తర్వాత కంటి డాక్టరును అడిగితే చెప్పాడు. నిలబడి ఉన్నది కరిగిపోతుంది, కదిలేది కనబడుతుంది. నేను మూడు నెలలు శనిని కదలకుండా చేయడానికే తిప్పలు పడ్డాను. టీవీలో పెట్టినదీ కదలని బొమ్మే. ఆ సాయంత్రం నాకు ఇవేవీ తెలియవు. ఆమె చెయ్యి గోడ మీది వెలుగుతో పాటు కదలడం ఒక్కటే తెలుసు. శని గోడ అంచుకు చేరి మాయమైంది. నేను గొట్టాన్ని మళ్లీ కొంచెం ముందుకు తోసి వదిలాను. మళ్లీ ఈ చివర మొదలై ఆ చివరకు. మళ్లీ. ప్రతిసారీ ఆమె వీధివైపే చూస్తూ, వేలితో గాలిలో ఆ ఉంగరాన్ని గీస్తోంది. సరిగ్గా ఎంత వాలుగా ఉందో అంత వాలుగా.

"యాడికి పోతా ఉండాడప్పా అంత నిదానంగా?"

"ఆయన పోతా లేడమ్మా. మనం తిరగతా ఉండాం. ఈ నేల, ఈ గోడ, నీ గొర్రెలు, అన్నీ."

ఆమె కాళ్ల కింద నేలను బొటనవేలితో ఒకసారి తట్టింది. అంతమందిమి ఆ మట్టినేల మీద కూర్చుని, అది కదులుతుంటే చూశాం. మేనేజరు కళ్లు తుడుచుకుని, లాప్‌టాప్‌లో ఏదో చూస్తున్నట్టు తల దించుకుంది.

అప్పుడు ఆమె అంది, ఇన్‌స్పెక్షన్ రూములో పీస్‌ను లైటు కింద తిప్పి చెప్పే గొంతుతో:

"ఎవురి జోలికీ పొయ్యేటోడి మాదిరి లేడే."

గడప లోపల నుంచి అత్త పిలిచింది.

"చూసింది చాలు, లోపలికి రా!"

"ఉండత్తా. నువ్వే ఇట్ల రా, వచ్చి నా పక్కన నిలబడు."

తర్వాత తలుపు కిర్రుమంది. ముసలావిడ కొంగు తలమీదికి లాక్కుని, గోడకు దూరంగా జరిగి జరిగి నడుస్తూ వచ్చి, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను గొట్టాన్ని మళ్లీ ఒకసారి ముందుకు తోసి, చెయ్యి తీసేశాను.